జలపాతం దగ్గర మాట వినపడుతుందా

మా ఇంట్లో ఎత్తు ఎక్కడమంటే వడియాలు పెట్టడానికి డాబా మెట్లెక్కడమే. బందరులో పుట్టి పెరిగినవాళ్ళం, విజయవాడ వెళ్ళినప్పుడు బస్సు కిటికీలోంచి చూడటం తప్ప కొండలెరగం. అలాంటి ఇంటికి తొంభైల నడుమ ఒక ఆదివారం మా మావయ్య గుడివాడ నుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా "అందరం అడవికెళ్ళి జలపాతం చూసొద్దాం" అన్నాడు. నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

ఎందుకు రాదూ? మావయ్య రైసుమిల్లులో గుమస్తా. వీధి చివరి కిళ్ళీకొట్టుకి కూడా సైకిలెక్కి వెళ్ళే మనిషి. ఆయన జేబులోంచి కాయితం తీసి రాజమండ్రి దాకా రైలు, రంపచోడవరం దాకా బస్సు, అక్కడి నుంచి జీపు, ఆ తర్వాత ఏటి ఒడ్డున నడక అని చదువుతుంటే, మా అమ్మ "అలాగే అన్నయ్యా, అలాగే" అని తలూపుతోంది. మంగినపూడి సముద్రానికి వెళ్దామంటేనే ఎండ, ఉప్పుగాలి, ఇసక అని మూడు వంకలు చెప్పే మా అమ్మ! అడవికి ఒక్క వంకా చెప్పలేదు. మలేరియా మాటే ఎత్తలేదు.

"ఎంత నడవాలి మావయ్యా?" అన్నాను.

"అయిదు మైళ్ళే. అంత కష్టమూ కాదు, అంత తేలికా కాదు. మధ్యరకం."

నాకు ఒళ్ళు మండింది. మా ఇంటికి సంబంధాలు తెచ్చే పెద్దమనిషి నా రంగు గురించి సరిగ్గా ఇలాగే చెప్పేవాడు, అంత తెలుపూ కాదు, అంత నలుపూ కాదు అని.

అసలు సంగతి చెప్పాలి. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు, ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్ని. ఏడు పెళ్ళిచూపులయ్యాయి. ఏడోసారి పెళ్ళికొడుకు పెద్దమ్మ "ఏదీ, ఆ గుమ్మం దాకా నడిచి చూపించమ్మా" అంది, కాలేమైనా కుంటేమో అని. నడిచాను. నడిచి, ఆ గుమ్మం దాటి వీధిలోకి వెళ్ళిపోయాను, వాళ్ళ కారు కదిలేదాకా తిరిగి రాలేదు. ఇక ఈ జన్మలో ట్రే పట్టుకుని ఎవరి ముందుకీ రానని ఆ రోజే తెగేసి చెప్పాను. చేసుకుంటే నాకు నచ్చినవాణ్ణి చేసుకుంటాను, లేదంటే లేదు.

మా వైపు ఆడపిల్ల ఇలా మొండికేస్తే పెద్దవాళ్ళు వాదించరు. చాటుగా చూపిస్తారు. గుడికి వెళ్దామంటారు, అక్కడ ఎవరో అనుకోకుండా కలుస్తారు. ఎగ్జిబిషన్‌కి వెళ్దామంటారు, జెయింట్ వీల్ దగ్గర ఎవరో కుర్రాడు నమస్కారం పెడతాడు, వాళ్ళమ్మ మన జడ పొడుగు చూస్తుంటుంది. ఇందుకోసం అడవి దాకా వెళ్ళినవాళ్ళని నేను వినలేదు గానీ, మా మావయ్య అసాధ్యుడు.

"వెళ్ళిన దారిన రాం. కొండ వెనక నుంచి చుట్టు తిరిగి బయల్దేరిన చోటికే వస్తాం" అన్నాడాయన. ఇదింకో అనుమానం. మా డెల్టాలో కాలవ గట్టు మీద వెళ్ళినవాడు ఆ గట్టు మీదే వెనక్కొస్తాడు. వెళ్ళిన దారి బాగానే ఉంటే ఇంకో దారి దేనికి? కాయితం మీద పెన్సిలుతో పెద్ద సున్నా గీశాడు. సున్నా నెత్తిన జలపాతం. మనం ఎడమవైపు నుంచి ఎక్కాలట. కుడివైపు దారి మీద ఒక ఇంటూ గుర్తు కనపడింది.

"ఇదేంటి?"

"ఏం లేదే, బండరాయి" అని కాయితం మడిచేశాడు. బండరాయిని అంత గబగబా జేబులో దాచుకున్నవాణ్ణి నేనెక్కడా చూడలేదు.

ఆ ప్రయాణానికి పైకి కనపడేలా సంబరపడింది మా పిన్ని ఒక్కతే. అమ్మకి చెల్లెలు. బాబాయి పోయి తొమ్మిదేళ్ళు. అవనిగడ్డ అత్తారింటి నుంచి వచ్చేసి మాతోనే ఉంటూ, వీధి గదిలో మిషన్ పెట్టుకుని జాకెట్లు కుట్టేది. ముప్పై ఆరేళ్ళు, పిల్లల్లేరు. ఆవిడ బయటికి వెళ్ళడమంటే దారాలూ హుక్కులూ కొనుక్కురావడమే.

కాళ్ళకి నడక అలవాటు చేసుకోమని మావయ్య హుకుం. బందరులో ఎక్కడానికేముంది నా మొహం! ఒకరోజు నేనూ పిన్నీ బస్సెక్కి పులిగడ్డ దగ్గర దిగి కృష్ణ కరకట్ట మీదికి వెళ్ళాం. వరద ఆపడానికి పోసిన ఆ మట్టికట్టే దివిసీమకి కొండ. నేను ఒకసారి ఎక్కి చతికిలబడ్డాను. పిన్ని కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని మూడుసార్లు ఎక్కింది, మూడుసార్లు దిగింది.

"ఎవరన్నా చూస్తే నవ్వుతారు పిన్నీ!"

"నవ్వనీవే" అంది. తర్వాత నా పక్కన కూర్చుని, ఆయాసం తీరాక, నదివైపు చూస్తూ అడిగింది. "ఏమే, జలపాతం దగ్గర మహా చప్పుడుగా ఉంటుందటగా. మాట వినపడుతుందా?"

"నాకేం తెలుసు? నీకెందుకు?"

"ఊరికే."

మన కాలవలు చప్పుడు చేయవు కదా, భయపడుతోంది కాబోలనుకున్నాను.

ఇక ఆ వారమంతా ఇంట్లో దొంగల మధ్య ఉన్నట్టే ఉంది నాకు. అమ్మ కేజీ బందరు హల్వా తెప్పించి అట్టపెట్టెలో కట్టించింది. అడవిలో ఎవరికి, కోతులకా? పిన్ని లేతాకుపచ్చ జాకెట్టు ఒకటి కుడుతూ, నేను గదిలోకి వెళ్ళగానే గుడ్డ కింద దాచేసేది. ఎవరిదంటే "ఆర్డరు" అనేది. ఆల్బంలో, ఘంటసాల ఊళ్ళో బౌద్ధస్తూపం దగ్గర తీయించుకున్న ఫొటో మాయమైంది. అందులో ఉన్నది నేనూ పిన్నీ. ఫొటో ఊడదీసిన చోట జిగురు మరక మాత్రం మిగిలింది. నా ఫొటో అప్పుడే చేతులు మారిపోయిందన్నమాట.

ఆదివారం మావయ్య మళ్ళీ వచ్చాడు. ఆయన స్నానానికి వెళ్ళగానే వంకీకి తగిలించిన చొక్కా జేబులు వెతికాను. తప్పే, కానీ వాళ్ళు చేసేది మాత్రం ఒప్పా? ఆ కాయితమే దొరికింది. వెనక ఆయన గుండ్రటి రాత. "వారు కుడి దారిన వస్తారు. పదిన్నర. స్కూలు మాస్టారు, ఏజెన్సీలో ఉద్యోగం. భార్య పోయి ఆరేళ్ళు. ఒక కూతురు."

రెండో పెళ్ళివాడు!

సరిగ్గా అప్పుడు బాబాయి వాళ్ళ అన్నగారు వరండాలో కూర్చుని ఉన్నారు. ఏటా కొత్త బియ్యం బస్తా వేసుకుని అవనిగడ్డ నుంచి వచ్చి పిన్నిని చూసి వెళ్ళేవారు. పక్కింటావిడ గోడ మీదుగా ఆయన్ని పలకరిస్తోంది. పరాయివాళ్ళున్నారని నాకు తట్టలేదు. తట్టినా ఆగేదాన్ని కాదేమో.

"బాగుందండీ మీ జలపాతం!" అంటూ కాయితం ఊపుకుంటూ వరండాలోకి వచ్చాను. "గుమ్మం దాకా నడిస్తే చాల్లేదా? అయిదు మైళ్ళు నడిపించి చూస్తారా?" వెనక రాసిందంతా పైకి చదివాను, కూతురితో సహా. "రెండో పెళ్ళివాడికి కట్టబెట్టాలనా అడవికి బయల్దేరదీశారు? నేనంత బరువయ్యానా మీకు?"

అమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. మావయ్య తడి తలతో వచ్చి గుమ్మంలో నిలబడిపోయాడు. ఎవరూ నావైపు చూడటం లేదు. బాబాయి వాళ్ళ అన్నగారు పిన్నిని చూస్తున్నారు. పిన్ని ఆయనకి తెచ్చిన కాఫీ గ్లాసు చేత్తో పట్టుకుని, తల వంచుకుని ఉంది. చెవుల దాకా ఎర్రబడిపోయింది.

అప్పుడు తెలిసింది నాకు, ఆ ఫొటోలో చూపించింది ఎవరినో.

"అలాగా అమ్మా" అన్నారాయన, పిన్నితో. కోపంగా కూడా లేదు. "మాతో చెప్తే మేం కాదంటామా? అడవుల్లో చాటుమాటుగా ఎందుకూ?" కాఫీ ముట్టకుండా లేచి వెళ్ళిపోయారు. నిజంగా కాదనేవారు కాదా? నాకు ఇప్పటికీ అనుమానమే. గోడ మీద పక్కింటావిడ తల లేదు. సాయంత్రానికి వీధి వీధంతా తెలిసిపోయింది.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. నేను కాలు జారే చోటికి వెళ్ళకుండానే నోరు జారాను. మావయ్య పిన్నిని ఎంతో బతిమాలాడు, మాస్టారు మంచివాడమ్మా, ఆయనకి నువ్వు నచ్చావు, ఒక్కసారి మాట్లాడి చూడు అని. పిన్ని ఒకటే మాట. "నాకు మోకాళ్ళ నొప్పులన్నయ్యా. అంత నడవలేను." కరకట్ట మూడుసార్లు ఎక్కి దిగిన మనిషి!

నేను కాళ్ళ మీద పడి ఏడ్చాను. "నీకేం తెలుసే పాపం, లే" అంది. రెండు తగిలించినా బాగుండేది. ఆకుపచ్చ జాకెట్టు కుట్లు విప్పి, నా కొలతకి బిగించి, నాకే ఇచ్చేసింది. దాన్ని నేను ఒక్కసారీ తొడుక్కోలేకపోయాను.

తర్వాత నాకు నచ్చినవాణ్ణే, మా స్కూల్లో లెక్కలు చెప్పే ఆయన్నే చేసుకున్నాను. ముందుండి పెళ్ళి జరిపించింది పిన్నే. రెండువేల సంవత్సరం దాటాక ఒక డిసెంబరులో మేమిద్దరం మావయ్య కాయితం పట్టుకుని ఆ నడకకి వెళ్ళాం. ఎడమ నుంచి ఎక్కి, కుడి నుంచి దిగాం. ఇంటూ గుర్తు పెట్టిన చోట నిజంగానే బండరాయి ఉంది. ఇద్దరు కూర్చోవచ్చు. నేను కూర్చోలేదు.

ఇంటికొచ్చాక తిన్నగా పిన్ని గదిలోకి వెళ్ళాను. మిషన్ తొక్కుతోంది.

"వినపడదు పిన్నీ" అన్నాను.

"ఏంటే?"

"జలపాతం దగ్గర. మాట వినపడదు. చెవి దగ్గర నోరు పెట్టి చెప్పుకోవాలి."

మిషన్ ఆగింది. మర్చిపోయి ఉంటుందనుకున్నాను. ఏమీ మర్చిపోలేదు. కళ్ళజోడు తీసి చెంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది.

"అయితే దగ్గరగా నిలబడాల్సి వచ్చేదన్నమాట" అంది.