రెండింటిలోనూ అదే ఈల

ఎమ్మిగనూరులో సెల్‌ఫోన్ల దుకాణం నడిపే స్నేహితుడు ఒక మధ్యాహ్నం రెండు ఖరీదైన హెడ్‌ఫోన్లు నా ముందు పెట్టాడు. "రెండిట్లో ఏది మేలో నువ్వే సెప్పు" అన్నాడు. నేను ఆదోనిలో పత్తి నుంచి గింజలు వేరుచేసే జిన్నింగు మిల్లులో, హోరెత్తే మెషిన్ల దగ్గర పనిచేస్తాను. చెవిలో పాట లేకుండా బస్సెక్కను.

మొదటిది నల్లది. చెవులకు ఆనే దిండ్లు మెత్తగానే ఉన్నాయి కానీ తలను నొక్కేస్తోంది, కాసేపటికే చెవులకు చెమట పట్టింది. తబలా మాత్రం గుండెలో మోగింది. రెండోది తేలిక. పాడే మనిషి ఊపిరి తీసుకోవడం కూడా వినబడింది. పాట ఆపి, బయటి చప్పుడును మింగేసే స్విచ్చి వేశాను. ఆటోలు, బస్సులు అన్నీ మాయమయ్యాయి. సన్నటి ఈల ఒకటి మిగిలింది. నల్లది మళ్లీ పెట్టుకున్నాను. అందులోనూ అదే ఈల.

"ఇంత రేటు పెట్టి ఈ ఈల ఏందప్పా?" అని విసుక్కున్నాను.

అతను రెండూ పెట్టుకుని చూశాడు. "ఏం ఈల? ఏమీ లేదు గదా."

ఒళ్లు మండింది. అమ్ముకునేవాడు ఇంకేం చెబుతాడని లేచి వచ్చేశాను.

మరునాడు మిల్లులో మెషిన్లు ఆపి అన్నానికి కూర్చున్నప్పుడు మా పెద్ద మేస్త్రికి ఈ సంగతి చెప్పాను. మా అందరిలాగే ఆయనా మెషిన్లోంచి పడే దూదినే ఉండలు చేసి చెవుల్లో కుక్కుకుంటాడు. ఆ ఉండలు తీసి, చెవి నా నోటి దగ్గరికి తెచ్చి మళ్లీ చెప్పించుకున్నాడు. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"నాకు ఆ ఈల ఎడమ చెవిలో మొదలైనాది" అన్నాడు. "నీకు యా చెవిలోనప్పా?"