రానన్నవాడి పక్షం

అమెరికాలో, చాండ్లర్‌లో మా టీమ్ లీడ్‌కు ఒక వింత అలవాటు ఉండేది. ఏటా ఆఫీసు మిత్రులం ఫుట్‌బాల్ ఫాంటసీ లీగ్ ఆడేవాళ్లం. నచ్చిన ఆటగాళ్లను ఎంచుకోవాలి. వాళ్లు మైదానంలో రాణిస్తే మనకు పాయింట్లు. ఆయన మాత్రం జీతం పెంచేదాకా జట్టు శిక్షణ క్యాంపుకు రానని ఇంట్లో కూర్చున్న స్టార్‌నే ముందుగా తీసుకునేవారు. చివరి స్థానం ఎప్పుడూ ఆయనదే.

"ఆడేటోణ్ణి తీసుకో అన్నా! వాడికి కోట్లు వస్తున్నా ఇంకా ఆశే" అని ఎగతాళి చేసేవాణ్ణి.

"మోకాలు పోతే వాడి మొహం ఎవడు చూస్తాడ్రా? బాగున్నప్పుడే అడగాలి" అనేవారు.

పోయిన వేసవిలో ఆయనకు గుండె జబ్బు బయటపడింది. కొన్ని నెలలు పని మానమన్నారు డాక్టర్లు. అవి లేఆఫ్‌ల రోజులు. ఉద్యోగం పోతే వీసా పోతుంది, ఇన్సూరెన్సూ పోతుంది. ఆయన జబ్బు సంగతి ఆఫీసులో నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఆయన చేరిన ఆసుపత్రికి వెళ్లి, "నీ స్టార్ సైన్ చేసిండన్నా. అడిగినంతా ఇచ్చిన్రు" అన్నాను.

ఆయన ముఖం విప్పారింది. "చూశావా, దిగొచ్చారు!"

"మరి నువ్వు లీవ్ అడగరాదే?"

"నేను రానంటే ఇంకొకణ్ణి పిలుస్తారు" అంటూ ల్యాప్‌టాప్ తెరిచారు. కెమెరా ఆపేసి, మీటింగ్‌లో అందరికీ గుడ్ మార్నింగ్ చెప్పారు. గొంతులో నీరసం తెలియనివ్వలేదు.

వారం తిరక్కుండానే పోయారు. పలకరించడానికి వచ్చిన మేనేజర్, "ఒక్క మాట అడిగితే సెలవిచ్చేవాణ్ణి" అన్నాడు. అది నిజమో కాదో ఇక తెలుసుకునే దారి లేదు.