గోళ్ళు లేని చిరుత

తుపాకీ, వల, బోను ఏవీ లేకుండా, కేవలం ఒక స్కేలు సాయంతో ఆళ్ళగడ్డ దగ్గర శనగచేలో నేనొక చిరుతను పుట్టించాను. అది ఎవరినీ కరవలేదు గాని, బావమరిది సుధాకర్ పంటను దాదాపు మింగేసింది.

నంద్యాలలో నా వృత్తి వంతెనల డ్రాయింగులు గీయడం. ఆ మధ్యనే నల్లమల అంచున, జంతువుల అడుగుజాడలు చదవడంలో శిక్షణ పొంది వచ్చాను. సూత్రాలు సుస్పష్టం. కుక్క అడుగులో గోళ్ళ గుర్తులు పడతాయి. చిరుత గోళ్ళు ముడుచుకొని నడుస్తుంది గనుక పడవు. మడమ దిండు వెనక అంచున చిరుతకు మూడు వంపులు, కుక్కకు రెండే. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త జాడగాడు కుక్కనెరగడని నేనంటాను.

ఆ ఉదయం శనగ ఎండి గలగలలాడుతోంది. ఆకాశం నిండా మబ్బు. వాన పడేలోగా పీకకపోతే గింజ నల్లబడి, సుధాకర్ ఏడాది కష్టం నేలపాలే. ఊరందరికీ అత్తయిన మేస్త్రి మరియమ్మ తన కూలీలతో ట్రాక్టర్ దిగింది. నేను మాత్రం నీళ్ళతొట్టి పక్క తడిమట్టిలో, స్కేలు పట్టుకొని మోకాళ్ళ మీద ఉన్నాను.

"ఏం వెతుకుతాండావు బావా? ఉంగరం పడిపోయిందా?" అన్నాడు సుధాకర్.

"తొక్కకు! చిరుత అడుగు."

"చిరుతేంది? మా సింగడిది గాదా?" సింగడు అతని కుక్క.

"గోళ్ళేవి? కుక్కయితే గోళ్ళు పడాలి. శాస్త్రం!"

పాఠకులు ఇక్కడ ఒక లోపం గమనించాలి. మడమ అంచున మట్టి విరిగిపోయింది. వంపులు కనబడనే లేదు. అయితే డ్రాయింగులో కనబడని గీతను చుక్కలతో పూరించడం నా వృత్తిధర్మం. పూరించాను. ఎవరో పట్టిన కుందేటికి మూడే కాళ్ళట; నేను పట్టిన చిరుతకు మూడే వంపులు.

మరియమ్మ కొంగు బిగించింది. "పిల్లలుగల్లోళ్ళం అల్లుడా. ఎక్కండే ట్రాక్టరు!"

"అత్తా, మబ్బు జూడు! ఈపొద్దు పీకకుంటే నా గతేంది?" సుధాకర్ నా వైపు తిరిగాడు. "సాయం జేయను వచ్చినావా బావా, సంపను వచ్చినావా?"

"ఆధారం చూపిస్తాను, ఉండండి" అంటూ, అచ్చు తీయడానికి శిక్షణలో ఇచ్చిన ప్లాస్టర్ పిండి కలిపి అడుగులో పోశాను. అది పొర్లి, ఊతప్పంలా పరుచుకుంది. ట్రాక్టర్ మీది తలలన్నీ ఇటే తిరిగాయి. ప్లాస్టర్ బిగిసే వేళకు, పెరుగనుకున్నదో ఏమో, సింగడు కొట్టం నుంచి దూసుకొచ్చి, కుడికాలు దాని నడిమధ్య పెట్టి, నాకి, ఉమ్మి, తోక ఊపింది.

వంగి చూశాను. నాలుగు వేళ్ళు. గోళ్ళు లేవు. మడమ అంచున స్పష్టంగా, అందంగా, రెండే వంపులు.

దాని కాలెత్తి పట్టుకున్నాను. "దీని గోళ్ళేమయ్యాయిరా?"

"బేతంచెర్ల నుంచి తెచ్చినా గదా బావా. పాలిష్ ఫ్యాక్టరీలో పుట్టింది. బండల మీదనే ఉరికి ఉరికి అరగ్గొట్టుకునింది."

"ముందే చెప్పవేం?"

"చెప్పనిస్తివా? శాస్త్రమంటివి!"

ట్రాక్టర్ పకపకా నవ్వింది. నవ్వీ నవ్వీ కిందికి దిగిన మరియమ్మ షరతు పెట్టింది: "మా పొద్దు పోగొట్టినావు. నువ్వూ సాలు పట్టుకో, అల్లుడా. వంగు!"

వంగాను. శనగకంప చేతుల్ని గీరింది. నడుము పాత వంతెనలా కిర్రుమంది. సాయంత్రం చివరి కుప్ప మీద పట్ట కప్పుతుండగా తొలి చినుకు పడింది. సుధాకర్ అప్పుడు గాని నవ్వలేదు.

మరియమ్మ నా సాలు చూపించింది. "ఈ జాడ ఏ జంతువుదో జెప్పు అల్లుడా. కాళ్ళు ఈడుస్తాంది. నడుమ నడుమ చేతులు గూడా ఆనించింది."

"నాదే, అత్తా."

"మరి గోళ్ళు పడలేదే?"

వేళ్ళు చూసుకున్నాను. గోళ్ళన్నీ అరిగిపోయాయి.

"అయితే చిరుతే!" అంది మరియమ్మ.

అందువల్ల నల్లరేగడి సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇకపై వెనక అంచు వంపులు లెక్కించనిదే ఏ మృగాన్నీ ప్రకటించను. లెక్కించాక కూడా, సింగడిని పిలిచి, దాని కాలు పట్టుకొని, అనుమతి పొందాకే నోరు తెరుస్తాను.