పవర్ హౌస్ కంసాలి దగ్గర ఉంచిన పుస్తెలు

నా భార్య సరళ చివరి రోజున పొద్దున కాస్త జావ తాగింది. మధ్యాహ్నం బీరువాలోని రేకు డబ్బా తెమ్మంది. అందులో ఉసిరికాయంత రాయి, దాని మీద వెండి రంగు పలుకులు. వెండి, పాదరసం భూమిలోనే కలిసి పుట్టిన ఖనిజం, చాలా అరుదు. భిలాయిలో చదువుకునేటప్పుడు కెమిస్ట్రీ మాస్టారి దగ్గర చూడ్డానికని తెచ్చుకుంది. పెళ్ళి హడావుడిలో తిరిగి ఇవ్వలేదు. "మాస్టారికి ఇచ్చేయండి," అంది. సాయంత్రం పోయింది. ఆమె పుస్తెలు కూడా ఆ డబ్బాలోనే దాచాను.

మూడు నెలల తర్వాత విశాఖపట్నంలో రాయగడ మీదుగా వెళ్ళే రైలెక్కాను. మర్నాడు పొద్దున కుమ్హారి స్టేషన్ దాటాక డబ్బా తెరిచాను. పుస్తెలు రెండూ తెల్లబడి ఉన్నాయి. భిలాయిలోని పవర్ హౌస్ స్టేషన్‌లో దిగి, మార్కెట్లో ఒక శ్రీకాకుళం కంసాలికి చూపించాను.

"ఏటి బాబూ, బంగారాన్ని పాదరసం పక్కన పెట్టీసినారా? సదువుకున్నోళ్ళే ఇలాటి పన్లు సేస్తారు."

"ఈ తెలుపు పోతుందా?"

"కాలిస్తే పొగైపోతాది. ఇయ్యాల పెళ్ళోళ్ళ పనుంది. రేపు తొమ్మిదింటికి కొలిమి ఎలిగించగానే మీదే సేస్తాను. ఉంచెల్లండి."

ఉంచాను. అక్కడి నుంచి స్టీల్ ప్లాంటు క్వార్టర్లుండే సెక్టర్లకు షేర్ ఆటోలో మూడు రూపాయలు. క్వార్టర్ నంబరు రాసుకుని వెళ్ళండి. అన్ని వీధులూ ఒకేలా ఉంటాయి.

మాస్టారు రిటైరై కొడుకు క్వార్టర్లో ఉంటున్నారు. రాయి చూసి, "సరళ ఎగ్గొట్టేసిందనుకున్నాను, అల్లుడుగారూ!" అని నవ్వారు. ఆమె లేదని చెప్పాను. ఆయన భూతద్దం తీసి, ఒక పక్క మసకబారిన పలుకులు చూశారు.

"పక్కన బంగారం గాని పెట్టేరా?"

"ఆమె పుస్తెలు."

"పాదరసం వాటిలోకి పాకింది. దీన్లోది కాస్త మీ దగ్గరే ఉండిపోయిందన్నమాట."

"రేపు కంసాలి కాల్చి తీసేస్తాడు."

"తీస్తే గాల్లోకే పోద్ది. మళ్ళీ రాయిలోకి రాదు కదా."

భూతద్దం నాకిచ్చారు. పద్దెనిమిదేళ్ళు సరళ ఆదివారాల్లో ఈ రాయిని చూసుకునేది. చూపించమని నేనెప్పుడూ అడగలేదు. ఇవాళ చూశాను. పలుకుల అంచులు పదునుగా, చాలా తెల్లగా ఉన్నాయి. చూడాల్సినవి ఎన్నో ఇంట్లోనే ఉండగా చూడలేదు. రాయి మాస్టారికి ఇచ్చేసి వచ్చాను.

ఇలాంటి రాయి మీ దగ్గరుంటే బిగుతు మూత ఉన్న గాజు సీసాలో, నగలకు దూరంగా ఉంచండి.

స్టేషన్ దగ్గర లాడ్జిలో దిగాను. రేపు ఉదయం ఎనిమిదిన్నరకే కంసాలి కొట్టు ముందుంటాను. కొలిమి వెలిగించక ముందే పుస్తెలు తీసుకుంటాను, తెల్లగా ఉన్నవి ఉన్నట్టే.