పసుపు బొట్టు పెట్టుకున్న కొండచిలువ

మొన్న మా బిడ్డ నాకొక కొత్త పర్సు కొనుక్కొచ్చి, పాతదాంట్లో ఉన్నవన్నీ మంచం మీద కుప్పపోసి, ఒక్కొక్కటే ఏరుతూ, చివరికి మడతలో అతుక్కుపోయిన ఒక పల్చటి పొరను గోటితో లేపి, ఈ ప్లాస్టిక్ కాగితం పారెయ్యనా నాన్నా అంది. నేను గబుక్కున లాక్కునేసరికి పిల్ల జడుసుకుంది. అది ప్లాస్టిక్ కాదు, పాము కుబుసం. ఆ పాము కథలో తనకూ వాటా ఉందని పిల్లకు తెలియదు.

పన్నెండు పదమూడేళ్ల కిందటి మాట. ఏడో తరగతిలోనే బడికి ఖలాస్ చెప్పి, స్టీరింగు పట్టుకుని దుబాయ్ చేరినవాణ్ని నేను. అల్ కుసైస్‌లో ఒక కంపెనీ డ్రైవరును. పడుకునేది ఇంటర్నేషనల్ సిటీలో, ఎనిమిది మందికి ఒకటే గది. ఒకడు దుప్పటి దులిపితే ఏడుగురు తుమ్మేవాళ్లం. మా ముదీర్, అంటే మేనేజరు, లెబనాన్ మనిషి, పెళ్లీ పెటాకులూ లేవు, ఒక కొండచిలువ పిల్లను మాత్రం అద్దాల పెట్టెలో పెట్టి ప్రాణంగా పెంచుకునేవాడు. అక్కడ జూలై ఆగస్టుల్లోనూ మండే ఎండాకాలంలో ఆయన నెల్లాళ్లు తన ఊరికి పోతూ, ఆఫీసులో ఇంకెవరూ దాన్ని ముట్టుకోరు కాబట్టి, ఆ పెట్టెను నా నెత్తిన పెట్టాడు. అప్పటికి మూడు నెలలుగా నా సెలవు కాగితం ఆయన సొరుగులో మూలుగుతోంది. నేను విమానం ఎక్కాక పుట్టిన బిడ్డ మా ఇంట్లో రెండున్నరేళ్లదైంది. నేను దాన్ని ఫోటోలో తప్ప చూడలేదు. వచ్చేసరికి ఇది బాగుండాలి, రాగానే సంతకం పెడతానన్నాడు ముదీర్. అంటే నా బిడ్డ మొహానికీ నాకూ నడుమ ఇప్పుడొక పాము పడుకుంది.

మొదటి వారం బాగానే గడిచింది. దాని తిండికని ముదీర్ ఇచ్చిన గడ్డకట్టిన ఎలుకల డబ్బా మా ఫ్రిజ్‌లో ఉందని తెలిసినరోజు గదిలో ఎవడూ పప్పు గిన్నె కూడా తెరవలేదు, అదొక్కటే గొడవ. అంతలో శ్రావణ మాసం వచ్చింది, నాగుల పంచమి వచ్చింది. మా ఇంటావిడ ఫోన్‌లో, గదిలోనే స్వామిని పెట్టుకుని పాలు పొయ్యకుంటే బిడ్డకు మంచిది కాదంది. మా గదిలో అందరికంటే పెద్దాయన, మేమంతా బాపు అని పిలిచే జగిత్యాల మేస్త్రీ, ఈ మాట వినడమే ఆలస్యం, స్నానం చేసి, పసుపు కలిపి, కళ్లు గట్టిగా మూసుకుని, వేలితో ఆ కొండచిలువ నెత్తిన బొట్టు పెట్టేశాడు. స్టీలు గిన్నెలో పాలు పెట్టాం, ఊదుబత్తులు ముట్టించాం. నెల్లూరు నుంచి వచ్చిన భాయ్ మాత్రం తన మంచం ఎక్కి కూర్చుని, మీరు దానికి పెట్టిన బొట్టు అది మీకు తిరిగి పెట్టకుండా చూసుకోండయ్యా అన్నాడు.

మూడో నాటికి పాము తిండి మానేసింది. ఒళ్లు బూడిద పట్టినట్టయింది. కళ్లు చూస్తే పొర కమ్మి, నీలంగా, మోతిబిందు వచ్చిన ముసలివాళ్ల కళ్లలా ఉన్నాయి. పసుపు కళ్లల్లో పడి గుడ్డిదైందనే అనుకున్నాం. ముదీర్‌కు ఫోన్ చేస్తే ఆయన ఉన్న కొండల్లో గంట కూడా మోగలేదు. బాపు అయితే ఆ పూట అన్నం ముట్టలేదు.

తెల్లారి పామును దిండు గలీబులో వేసి మూతి ముడేసి, చేపలు తెచ్చుకునే థర్మకోల్ పెట్టెలో పెట్టి, కంపెనీ పికప్‌లో ఏసీ పెంచుకుని జంతువుల ఆసుపత్రికి పోయాను. మొదటి ఆసుపత్రివాళ్లు పెట్టెలో ఏముందో విని, కుక్కలకూ పిల్లులకూ మాత్రమే అని తలుపు దగ్గరి నుంచే పంపించారు. రెండోచోట కౌంటరు దగ్గర ఫిలిపినో పిల్ల నవ్వుతూ ఒక కాగితం ఇచ్చింది. పేరు, వయసు, ఆడా మగా, ఏ జాతి. బడిలో ఏ పరీక్షకూ నాకు అంత చెమట పట్టలేదు. పేరు దగ్గర నాగరాజు అని రాసి మిగతావి వదిలేశాను. యజమాని ఐడీ కావాలంది. లేదన్నాను. ఫోన్ చేయమంది. కలవదన్నాను. అయితే కూర్చోమంది. కూర్చున్నాను, లేచాను, మళ్లీ కూర్చున్నాను. నా పక్కనున్న బొచ్చుపిల్లి యజమానురాలు నా పెట్టెలో ఏముందని అడిగి, విని, పిల్లితో సహా గది అవతలి కొసకు మారిపోయింది. నా తరవాత వచ్చిన పిల్లులన్నీ లోపలికి పోయి బాగై బయటికి వచ్చాయి. అవతల ఆఫీసు నుంచి సూపర్‌వైజరు పదినిమిషాలకొకసారి ఫోన్ చేసి, యల్లా, ఎక్కడున్నావని అరుస్తున్నాడు. పాములు చూసే డాక్టరు మంగళవారమే వస్తాడని కాసేపటికి ఆ పిల్ల చల్లగా చెప్పింది. ఆ రోజు గురువారం. మంగళవారం దాకా ఇక్కడే కూర్చుంటానన్నాను. తమాషాకు కాదు, నిజంగానే కూర్చునేవాణ్ని.

నా మొహం చూసి జాలిపడిందో, పెట్టెను చూసి భయపడిందో, లోపలికి పోయి ఎవరితోనో మాట్లాడి వచ్చింది. చివరికి మిస్టర్ నాగరాజు అని పిలిస్తే గదిలో అందరూ నన్నే చూశారు.

లోపలున్నది ఇంకో డాక్టరు, మలయాళీ, నడివయసు మనిషి. పామును మెడ దగ్గర మెత్తగా పట్టుకుని తిప్పి చూసి, నెత్తి మీద ఈ పచ్చటిది ఏమిటని హిందీలో అడిగాడు.

“హల్దీ, డాక్టర్ సాబ్.”

“మందుగా పెట్టావా?”

“కాదు సాబ్, దండం పెట్టుకున్నం.”

ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. దూదితో ఆ బొట్టు తుడిచి, చెయ్యి కడుక్కుని వచ్చి అన్నాడు.

“దీనికి జబ్బేమీ లేదు. పాత తోలు విడిచే ముందు కళ్లు ఇట్లాగే మసకబారతాయి, తిండి మానేస్తుంది. తడిగుడ్డ పెట్టు, పాలు పొయ్యకు, కదిలించకు. దాని టైముకి అదే వస్తుంది.”

పొద్దంతా పరుగెత్తితే ఆయన రాసిచ్చిన మందు, ఆగడం. నాకు చేతగాని పని అదొక్కటే. ఊళ్లో కంపకు వేలాడే కుబుసాలు ఎన్నో చూశాను. కానీ విడిచేముందు పాము ఎట్లా ఉంటుందో నిలబడి చూసినవాడు మాలో ఎవడు? పాము కనబడితే మేము పరుగెత్తేవాళ్లం, లేకపోతే దండం పెట్టేవాళ్లం.

ఆరు రోజులు డ్యూటీ దిగగానే ఆ పెట్టె ముందు కూర్చున్నాను. ఏడో రోజు పొద్దున గుడ్డ కింద కుబుసం నిండుగా, కంటి పొరలతో సహా ఊడి ఉంది. పాము కొత్త నాణెంలా మెరుస్తోంది. నెల్లూరు భాయ్ కూడా మంచం దిగి వచ్చి చూశాడు. బాపు ఆ కుబుసాన్ని కత్తెరతో ఎనిమిది ముక్కలు చేసి ప్రసాదంలా పంచితే, భాయ్ కూడా తన ముక్క జేబులో పెట్టుకున్నాడు. ముదీర్ వచ్చాడు, పామును చూశాడు, సంతకం పెట్టాడు.

ఇంటికి పోతే బిడ్డ నన్ను చూసి వాళ్లమ్మ కొంగు వెనక దాక్కుంది. సూట్‌కేసు తెరిచి బొమ్మలు పరిచాను, కోతిలా గంతులేశాను, పిల్లిలా అరిచాను. ఎత్తుకోబోతే గుక్కపట్టి ఏడ్చింది. అప్పుడు ఇంటావిడ అన్నది.

“దాన్ని కదిలియ్యకు. ఆమెనే వస్తది.”

దుబాయ్‌లో మలయాళీ డాక్టరు చెప్పిన మందే, ఇంట్లో ఫీజు లేకుండా దొరికింది. పదకొండు రోజులు పట్టింది. నా సెలవు ముప్పై రోజులు.

ఇప్పుడైతే ఫోన్‌లో పాము ఫోటో పెడితే జబ్బు పేరు చెబుతుందట. పుట్టిన బిడ్డను తండ్రి ఆ క్షణమే తెర మీద చూస్తాడట. మంచిదే. మాకు ఏమీ తెలియకపోవడం వల్లే ఎనిమిది తలకాయలు ఒక అద్దాల పెట్టె మీదికి వంగాయి. ఆ ఎనిమిది మందిలో ఇప్పుడు ఎవరెక్కడున్నారో నాకు తెలియదు, బాపు లేడని మాత్రం విన్నాను.

ఇదంతా చెబితే మా బిడ్డ నవ్వుతుందనుకున్నాను. తను ఆ ముక్కను కొత్త పర్సులో, తన చిన్నప్పటి ఫోటో వెనక సర్ది, మరి ఆ పదకొండు రోజులూ నువ్వు ఏం చేశావు నాన్నా అని అడిగింది. ఆ అద్దాల పెట్టె ముందు కూర్చున్నట్టే నీ ముందు కూర్చున్నా బిడ్డా అన్నాను.