ప్యాసింజర్ బండిలో యోకొజునాలు

ఆ రోజుల్లో మనిషికి ఎక్కడో ఒకచోట కాస్త పెద్దరికం ఉంటే చాలు, మిగతా చోట్ల ఎన్ని మాటలైనా పడేవాడు. ఇంట్లో పెద్దరికం నాన్నది, ఆఫీసులో ఆఫీసరుది, వీధిలో చెప్పక్కర్లేదు, అది మా ఎదురింటి పిన్నిగారిది. నా వంతుకి మిగిలింది తెనాలి నుంచి బాపట్ల వెళ్లే పొద్దుటి ప్యాసింజరు, అందులో ఇంజను నుంచి నాలుగో పెట్టె, ఆ పెట్టెలో ఎదురెదురుగా ఉండే ఒక్క వరస సీట్లు. బాపట్లలో ఒక ఆఫీసులో వచ్చిన కాగితాల మీద ముద్రకొట్టి నంబరు వేయడం నా ఉద్యోగం. ఏడాది పొడుగునా వేసినా, ఫలానా నంబరు ఎంత చక్కగా వేశావోయ్ అన్నవాడు లేడు. అలాంటిది సోమవారం పొద్దున ఆ వరసలో ఎనిమిదిమంది సీజన్ టికెట్ వాళ్లు నా సంచీ వైపే చూసేవాళ్లు. నేను అందులోంచి చార్టు తీసి, బట్టల క్లిప్పులతో కిటికీ చువ్వలకి తగిలించేదాకా పేపరు కూడా విప్పేవాళ్లు కాదు. (ఇందులో కొంచెం అతిశయోక్తి ఉంది. ఒకాయన విప్పేవాడు.)

ఆ చార్టు సంగతి చెప్పాలి. మా పెదనాన్న కొడుకు ఓడ మీద పనిచేసేవాడు. ఒకసారి జపాన్ రేవు నుంచి వస్తూ నాకో పింగాణీ గిన్నె తెచ్చాడు. అది పగలకుండా చుట్టుకొచ్చిన కాగితం చూశాక గిన్నె సంగతి మర్చిపోయాను. కాగితం నిండా నల్లటి అక్షరాలు, పైన లావుగా, కిందికి వచ్చేకొద్దీ సన్నగా, అట్టడుగున చీమలు పాకినట్టు. అది సుమో కుస్తీవాళ్ల హోదాల పట్టీ అని అన్నయ్య చెప్పాడు. ఒక సగం తూర్పు వాళ్లది, ఇంకో సగం పడమర వాళ్లది. అందరికంటే పైన యోకొజునా, ఆయన కింద ఓజెకీ, ఆ కింద ఇంకా చాలా మెట్లు. రెండు నెలలకోసారి పోటీలు, పదిహేను రోజులు, రోజుకో పట్టు. ఎనిమిది గెలిచినవాడు పైకి, ఎనిమిది ఓడినవాడు కిందికి. యోకొజునా ఒక్కడికే కిందికి దిగడం లేదు, చేతకానప్పుడు మర్యాదగా మానేసి ఇంటికెళ్లాలి. నాకేమో అప్పుడు టెన్నిస్ పిచ్చి. పిచ్చి అంటే ఆడటం కాదు, బ్యాటు ముట్టుకున్న పాపాన పోలేదు. మా ఇంట్లో టీవీ నాన్న వార్తలకీ అమ్మ సీరియళ్లకీ సరిపోయేది కాబట్టి ఆట చూసింది కూడా తక్కువే. పేపర్లో ఆటల పేజీ అడుగున వేసే స్కోర్లు కత్తిరించి దాచుకోవడమే నా పిచ్చి. అసలు టెన్నిస్ వాళ్లకి ఇచ్చే ర్యాంకులు నాకు నచ్చేవి కావు. నిరుడు గెలిచిన పాయింట్లు ఏడాదంతా వెంట వస్తాయట. నిరుడు పెళ్లిలో తిన్న భోజనానికి ఈ ఏడు కడుపు నిండుతుందా? అందుకని ప్రపంచంలోని టెన్నిస్ ఆటగాళ్లందరినీ తూర్పు పడమరలుగా చీల్చి, సుమో పట్టీలోకి ఎక్కించేశాను. (వాళ్ల పేర్లు ఇక్కడ రాయను. పెళ్లాం పిల్లలున్నవాళ్లు, బాధపడతారు.)

ఇది పెట్టెలో వాళ్లకి ఎక్కుతుందని నేను అనుకోలేదు. కానీ మా వరసలో ముప్పాతిక మంది గవర్నమెంటు ఉద్యోగులు. పట్టీ చూడగానే హెడ్డుగుమాస్తా బాబాయి కళ్లజోడు సవరించుకుని, "ఇది సీనియారిటీ లిస్టు కదరా అబ్బాయ్" అన్నాడు. (నాకేమీ బాబాయి కాదు, ఆ బండిలో అందరికీ బాబాయే.) అంతే, ఆ క్షణం నుంచి సుమో అంటే అందరికీ తల్లిభాషలా అర్థమైపోయింది. యోకొజునాకి రివర్షన్, అంటే కింది పోస్టుకి దింపడం, లేదంటే బాబాయికి కళ్లనీళ్లు వచ్చినంత పనైంది. వరసగా రెండు పెద్ద టైటిళ్లు గెలవడమే కాకుండా ప్రవర్తన కూడా బాగుంటేనే యోకొజునాని చేయాలన్న నియమం చూసి, దానికో ప్రమోషన్ల కమిటీ ఉండాలన్నాడు. కమిటీకి తనే అధ్యక్షుడు. కోపమొచ్చి బ్యాటు విరగ్గొట్టినవాణ్ని, ప్రభుత్వ ఆస్తి కాకపోయినా సరే, రెండేళ్లపాటు ప్రమోషన్ రాకుండా ఆపేశారు. సుమోలో తూర్పు వాడిది ఒక పిసరు ఎక్కువ హోదా అని నేను చెప్తే ఎవరూ ఒప్పుకోలేదు, ఎందుకంటే పొద్దుటి బండిలో తూర్పు కిటికీ దగ్గర ఎండ మాడ్చేస్తుంది, అక్కడ కూర్చునేది కొత్తగా చేరినవాళ్లు. భట్టిప్రోలు అక్క (ఆస్పత్రిలో నర్సు, రేపల్లె బండిలో వచ్చి తెనాలిలో మారేది) ఆడవాళ్ల పట్టీ ఏదని అడిగింది. జపాన్లో ఆ కుస్తీ ఆడవాళ్లకి లేదక్కా అన్నాను. ఇది జపాన్ కాదు, రేపట్నుంచి టిఫిన్ లేదంది. మర్నాటికి ఆడవాళ్ల పట్టీ తయారైంది. అక్క డబ్బాలో కారప్పొడి అద్దిన ఇడ్లీలు ఆరుంటే రెండు నావి, అది అప్పటికి ఏడాదిగా నడుస్తున్న ఆచారం.

పట్టీ అడుగున బాబాయి సలహా మీద ఒక వాక్యం రాసేవాణ్ని: 'ఇది తాత్కాలిక జాబితా. అభ్యంతరాలు ఉన్నచో పదిహేను రోజుల్లోగా రాతపూర్వకంగా తెలియజేయవలెను.' అదంతా ఒక అలంకారం. రెండేళ్లలో ఒక్క అభ్యంతరం రాలేదు. నేను పెట్టిందే హోదా, నేను దింపిందే దిగడం. ఊళ్లు తిరిగి ఆడే అంత పెద్ద ఆటగాళ్లు తమ భవిష్యత్తు నిడుబ్రోలు దాటకముందే తేలిపోతోందని ఎరగరు పాపం.

అప్పుడు వచ్చాడు రేపల్లె మాస్టారు. బాపట్లలో ఏదో స్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేరాడు, అక్క దిగే రేపల్లె బండిలోనే దిగి మా పెట్టె ఎక్కాడు. నాకంటే రెండేళ్లు పెద్ద, నాకంటే జానెడు పొడుగు, నాకున్న పొట్ట లేదు. మొదటి సోమవారం ఎండ కిటికీ దగ్గర కూర్చుని నా పట్టీ పైనుంచి కిందిదాకా చదివాడు. అంత శ్రద్ధగా దాన్ని ఎవరూ చదవలేదు. చదివి, చాలా బాగుందండీ అన్నాడు. నాకు నచ్చాడు. ఆ నచ్చడం అప్పికట్ల దాకా ఉంది. అక్కడ బాబాయి ఎవరినో ఎందుకు దింపావని నన్నడిగితే నేను తడుముకుంటుంటే, మాస్టారు నెమ్మదిగా, ఆయనకి మోకాలు బాగోలేదండీ, మట్టి కోర్టులో జారలేకపోతున్నాడు అన్నాడు. మాస్టారు కాలేజీ రోజుల్లో యూనివర్సిటీ తరఫున టెన్నిస్ ఆడాడట. బంతి మట్టి మీద ఎలా లేస్తుందో, గడ్డి మీద ఎలా జారుతుందో చేత్తో గాల్లో చూపిస్తుంటే ఎనిమిది తలకాయలు ఆ చేతి వెంట తిరిగాయి. నా తలకాయ కూడా తిరిగింది, అదే నాకు మండిపోయింది.

ఆ తర్వాత వారాలు నేను పడ్డ బాధ చెప్తే నవ్వుతారు. పట్టీ తగిలించేది నేను, అర్థం అడిగేది మాస్టార్ని. నేను రాసిన హోదాని బాబాయి ఒకసారి చదివి, "ఏమంటారు మాస్టారూ?" అని పక్కకి తిరిగేవాడు. ఆయనేమో ఎప్పుడూ నా తరఫునే మాట్లాడేవాడు. అదింకా ఘోరం. ఒకరోజు అక్క డబ్బా మూత తీస్తే ఇడ్లీలు నాలుగే ఉన్నాయి. మాస్టారు పాపం తెల్లారకుండా బయల్దేరతాడు తమ్ముడూ, భట్టిప్రోల్లో బండెక్కగానే రెండు పెట్టేశాను అంది. అంటే నా ఇడ్లీలు తెనాలి చేరకుండానే చెల్లిపోతున్నాయి. ఇంట్లో అమ్మ ఆరు ఇడ్లీలు పెట్టి పంపుతున్నా, ఆ రెండిటి కోసం నేను ఏడ్చిన ఏడుపు ఎవరికి చెప్పుకోను? ఆదివారం గుడిలో పాస్టరుగారు పొరుగువాడిది ఏదియు ఆశింపకూడదని చెప్తుంటే, అసలు అవి నావే కదా అని మనసులో వాదించాను.

ఇలా ఉండగా నేనొక ఆటగాణ్ని ఓజెకీ చేశాను. రెండు నెలల కత్తిరింపులు ముందేసుకుని లెక్కపెడితే అతగాడు గెలిచినన్ని ఆటలు ఎవరూ గెలవలేదు. పెద్ద పేరున్నవాడు కాదు, కానీ ఎక్కడ పోటీ జరిగినా అక్కడుంటాడు, వారం కూడా విశ్రాంతి లేదు. నేనతనికి 'కష్టజీవి' అని పేరుపెట్టాను. పొట్టలేని మాస్టార్లు చేత్తో గాల్లో ఎన్ని చూపించినా, ఇలాంటి మట్టిలో మాణిక్యాన్ని పట్టాలంటే ఓపిగ్గా కూర్చుని లెక్కలు వేసేవాడు కావాలని అందరికీ తెలియాలి. ఆ సోమవారం కష్టజీవి గురించి నేను చిన్న ఉపన్యాసమే ఇచ్చాను. బాబాయి కూడా మెచ్చుకున్నాడు. మాస్టారు మాత్రం పట్టీ వంక చూసి, నా వంక చూసి, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఆహా, కుళ్లుకుంటున్నాడు అనుకుని ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

మర్నాడు తెనాలి ప్లాట్‌ఫారం మీద, అందరూ బండెక్కే తోపులాటలో, మాస్టారు నా చేతిలో ఒక కవరు పెట్టాడు. అభ్యంతరమండీ, తీరిగ్గా ఒక్కరే ఉన్నప్పుడు చూడండి అన్నాడు. రెండేళ్లలో మొదటి అభ్యంతరం, అదీ ఈయన నుంచి. నా ఒళ్లు భగ్గుమంది. ఒక్కణ్నే ఉన్నప్పుడు ఎందుకు చూడాలి? నలుగురిలో నా నిర్ణయాన్ని కాదనే ధైర్యం లేకనా? బండి కదలగానే నిలబడి, కవరు పైకెత్తి చూపించి, దీన్ని కూలంకషంగా పరిశీలించి తిరస్కరించడమైనదని ప్రకటించాను. కవరు ఇంకా అంటించే ఉంది. బాబాయి ముప్పై ఏళ్ల సర్వీసు ఉన్నవాడు, అలాంటివి ఆయన కన్నుగప్పి పోవు. అభ్యంతరం చదివి వినిపించి, కారణాలు చెప్పి, అప్పుడు తిరస్కరించాలి, లేకపోతే ట్రిబ్యునల్లో నిలబడదన్నాడు. మాస్టారు లేచి, వద్దులెండి బాబాయిగారూ, అది పెద్ద విషయం కాదండీ అన్నాడు. ఆ వద్దనడమే నాకు పట్టుదల తెచ్చింది. నిడుబ్రోలు దాటింది. కవరు చించి, గొంతు సవరించుకుని, అందరికీ వినపడేలా చదివాను.

"మీరు కష్టజీవి అని రాసినాయన ఒక్కరు కాదండి. ఇద్దరు అన్నదమ్ములు. పేపర్లో ఇంటిపేరు ఒక్కటే వేస్తారు కాబట్టి ఎవరికైనా పొరపాటు వస్తుంది. పోయిన నెల రెండో వారంలో అన్న ఒక దేశంలోను, తమ్ముడు ఇంకో దేశంలోను ఆడారు." ఇక్కడే ఆపెయ్యాల్సింది, కానీ నోరు ఎందుకో ఆగలేదు, చివరి వాక్యం కూడా చదివేసింది. "నలుగురిలో చెబితే మీకు చిన్నతనంగా ఉంటుందని ఇలా రాశాను. మీరే సరిచేసుకోండి, నేను చెప్పినట్టు ఎవరికీ తెలియక్కర్లేదు."

బాబాయి కళ్లజోడు సవరించుకుని అన్నాడు, "ఒకే మనిషి ఒకే రోజు రెండు ఆఫీసుల్లో సంతకం పెడితే మనవాళ్లు సస్పెండ్ చేస్తారబ్బాయ్. నువ్వు ప్రమోషన్ ఇచ్చావు." ఇక పెట్టె పెట్టంతా నవ్వింది. పక్క వరసలో వాళ్లు ఏంటి ఏంటి అని అడిగి తెలుసుకుని మరీ నవ్వారు. అక్క నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. నవ్వని మనిషి ఒక్క మాస్టారే. సంచీలో ఉన్న చార్టు తీసి విప్పి ఆయన ఒళ్లో పడేసి, ఇకనుంచి మీరే రాసుకోండి అన్నాను. ఆయన దాన్ని మడతపడకుండా చుట్టి నాకే ఇచ్చాడు.

"నాకు ఆట తెలుసండి. వీళ్లందర్నీ వారం వారం ఒకచోట కూర్చోబెట్టేది మాత్రం మీరే. నాకు అది రాదు."

ఆయన కాస్త గర్విష్ఠి అయినా, కాస్త చెడ్డవాడైనా నాకెంత సుఖంగా ఉండేదో. మనసారా తిట్టుకోవడానికి వీల్లేని మనిషి మీద అసూయపడటమంత కష్టం ఇంకోటి లేదు. పట్టీ నేనే రాశాను, ఆయన కవర్లు ఇస్తూనే ఉన్నాడు, నేను ఒక్కణ్నే ఉన్నప్పుడు చదువుకుని సరిచేస్తూనే ఉన్నాను. రెండేళ్లకి ఆయనకి రేపల్లెకే బదిలీ అయింది. ఆఖరి రోజు పెట్టెలో శాలువా కప్పారు, అక్క ఏడ్చింది. నేను వెళ్లిపోతే ఇందులో సగం మందైనా ఇంత చేస్తారా అని, శాలువా కొస పట్టుకుని కప్పుతూ కూడా లెక్కలు వేసుకున్న దరిద్రుణ్ని నేను. ఇక పోటీ లేదు. ఆ సోమవారం కావాలనే అన్నదమ్ములిద్దర్నీ మళ్లీ ఒక్కణ్ని చేసి ఓజెకీగా తగిలించాను. అందరూ చూశారు, బాగుందన్నారు, పేపర్లు విప్పుకున్నారు. పదిహేను రోజులు చూశాను. ఏ అభ్యంతరమూ రాలేదు. పదహారో రోజు నుంచి పట్టీ రాయడం మానేశాను.

ఇదంతా జరిగి చాలా ఏళ్లయింది. ఈ మధ్య అక్క రిటైరై, తోచక, పాత సీజన్ టికెట్ వాళ్లందరినీ వెతికి పట్టుకుని వాట్సాప్ గ్రూపు పెట్టింది. మాస్టారూ ఉన్నాడు అందులో. ఫొటోలో చూశాను, ఇప్పటికీ పొట్ట లేదు. పోయిన ఆదివారం చార్టు కొనుక్కొచ్చి, ఇప్పటి ఆటగాళ్లతో కొత్త పట్టీ రాసి, కావాలని ఒక్క తప్పు పెట్టి, గ్రూపులో పంపాను. ఇరవైమంది బొటనవేళ్లు ఎత్తారు. పావుగంటకి మాస్టారు మెసేజీ వచ్చింది, గ్రూపులో కాదు, నాకొక్కడికే. చాలా బాగుందండీ అని మొదలుపెట్టి, మెత్తగా, తప్పులు చెప్పాడు. నేను పెట్టింది ఒకటి. ఆయన పట్టింది మూడు.

ఎన్నేళ్లకో మళ్లీ అదే మంట. ఈసారి చదివి వినిపించమని అడిగే బాబాయి లేడు, ఆయన పోయి నాలుగేళ్లయింది. నేనే ఆ మెసేజీని గ్రూపులో పెట్టాను. అక్క వెంటనే, మాస్టారు మాస్టారే అని రాసింది. చూడు, ఇప్పటికీ ఆయన్నే మెచ్చుకుంటోంది అని నా భార్యతో అన్నాను. మరి అంత బాధయితే ఎందుకు నవ్వుతున్నారు అని అడిగింది. నవ్వుతున్నానని అప్పటిదాకా నాకు తెలీదు.