ఆముదం పట్టించిన తోలు ఒర

శ్రీరస్తు. మాటకు పదును పెట్టి, ఆ పదును ఎవరినీ కోయకుండా కాచే పలుకులతల్లికి తలవంచి ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. స్వస్తిశ్రీ పార్థివ నామ సంవత్సరం, శ్రావణ శుద్ధ పంచమి, బుధవారం, సాయంసంధ్యకు ఒక గడియ ముందు జరిగిన సంగతి. స్థలం, ఫుజైరాకు ఎగువన బోడికొండల నడుమ ఉన్న ఒక తుపాకి అభ్యాసశాల. ఆనాటి చప్పుడు నా చెవిలో ఇంకా సద్దుమణగలేదు.

ఉభయభాషలలో పట్టా పుచ్చుకుని, కోస్తా జిల్లాలో ఒక ప్రైవేటు పాఠశాలలో తెలుగు పండితుడిగా ఉన్నవాణ్ణి. ఆ పాఠశాల మూతపడ్డాక యాభై దాటిన వయసులో గల్ఫు చేరాను. దొరికిన కొలువు స్టోర్ కీపరు. చెవిమూతలు, కళ్ళద్దాలు, గురికాగితాలు, బెల్టులు, బూట్లు నా అధీనం. తుపాకులూ తూటాలూ వేరే ఇనుపగదిలో, ముదీర్ తాళంచెవి కింద ఉండేవి. ముదీర్ అంటే మా మేనేజరు. సైన్యంలో అధికారిగా చేసి విరమించిన అరబ్బు పెద్దమనిషి. నన్ను ‘ఉస్తాద్’ అని పిలిచేవాడు. చేరిన మొదటిరోజు గురికాగితాల కట్ట విప్పి, ఒక్కొక్క కాగితం మీదా మనిషి ఆకారం చూసినప్పుడు నా చేతులు ఆగిపోయాయి. సంధ్యవార్చే చేతులతో ఇవా లెక్కపెట్టడం అనిపించింది. నెల తిరిగేసరికి అవి నాకు కాగితాలే అయ్యాయి.

అక్కడ నడుముకు పిస్తోలు కట్టుకుని తిరిగే శిక్షకులు నలుగురు. వారిలో తెలుగువాడు ఒక్కడే, కరీంనగర్ వైపు పల్లెవాడు, మన సైన్యంలో హవల్దారుగా ఇరవై రెండేళ్ళు చేసి వచ్చినవాడు. అందరికీ హవల్దారే, నాకూ హవల్దారే. తెల్లవారుజామున లేచి బూట్లకు మెరుగుపెట్టుకుంటూ నా పద్యపఠనం వినేవాడు. అర్థం అడిగేవాడు కాదు, రాగం తప్పితే మాత్రం పట్టుకునేవాడు.

ఆ ఏడు వైశాఖంలో శిక్షకుల పాత పిస్తోలు ఒరలకు చిరుగులు పట్టాయి. ముదీర్ నా బల్ల మీద రెండు నమూనాలు పెట్టాడు. ఒకటి దళసరి గోధుమరంగు తోలుతో, రెండువరసల కుట్టుతో చేసినది. రెండవది నల్లని ప్లాస్టిక్కును పిస్తోలు ఆకారానికే పోతపోసినది. పిస్తోలును అందులోకి దించితే ‘టక్’ మని పట్టుకునేది. వస్తువుల బాగోగులు తెలిసినవాడివి నువ్వే, నువ్వే తేల్చు అన్నాడు ముదీర్.

నేను హవల్దారును పిలిచాను.

“పంతులు సారూ, మీరు తోలు ముట్టుకోవచ్చునా? జంధ్యం గింధ్యం మైలపడదా?” అన్నాడు నవ్వుతూ.

“నా చెప్పులు దేనితో చేశారనుకున్నావయ్యా? చూసి చెప్పు, ఏది మేలు?”

వాడు ప్లాస్టిక్కు ఒరను నేలకేసి కొట్టాడు, బూటుకాలితో తొక్కాడు, మళ్ళీ తీసి దాని నోటిలోకి చూశాడు. “గిదే మంచిది. తొక్కినా దీని నోరు మూసుకపోదు. చెమట పీల్చది, వాన తాకినా ఉబ్బది.”

“వాన ఇక్కడ ఎప్పుడు కురిసిందయ్యా?”

“చెమటే వాన గదా సారూ ఈడ!”

నాకు ఆ నల్లని వస్తువు మీద మొదటి చూపులోనే ఏవగింపు కలిగింది. అది చెంబులా మోగుతోంది. తోలుకు ఒక గౌరవం ఉంది, వాసన ఉంది, కాలంతో పాటు మనిషి నడుముకు ఒదిగే గుణం ఉంది. ఇవన్నీ ముదీరుకు నాకు వచ్చిన హిందీలో అలంకారాలతో సహా విన్నవించాను. ఆయన విని, గడ్డం నిమురుకుని, “తయ్యిబ్, తోలే తెప్పిద్దాం” అన్నాడు. తోలు ఒరలు నాలుగు వచ్చాయి. ప్లాస్టిక్కు నమూనా నా అలమరలో అడుగున పడింది. ఒక తుపాకి ఒర విషయంలో వాగ్ధాటితో గెలిచానని ఆ రాత్రి సంతోషంగా భోజనం చేశాను.

కొత్త తోలు కర్రలా ఉంది. మిగతా ముగ్గురూ ఊరుకున్నారు. హవల్దారు ఊరుకోలేదు.

“పంతులు సారూ, మీ తోలు గౌరవం నా తొంటిని తినేస్తున్నది. పిస్తోలు గుంజితే బెల్టంతా మీదికొస్తున్నది. కొత్త పోరగాండ్ల ముంగట నా ఇజ్జత్ పోతున్నది.”

నాకు వెంటనే మా నాన్నగారి కిర్రుచెప్పులు గుర్తుకొచ్చాయి. ఊరి మాదిగవాడు కుట్టి తెచ్చిన చెప్పులు తొలిరోజున పాదాన్ని కోసేవి. నాన్నగారు ఆముదం వెచ్చబెట్టి, గుడ్డతో పట్టించి, మూడు పూటలు ఎండలో పెట్టేవారు. నాలుగో రోజుకు అవి చంటిబిడ్డ అరచేయిలా ఉండేవి. మా ఊళ్ళో తోలు అంటే ఆముదమే. ఇంకొక మాట లేదు.

“రెండు మూడు రోజులు పాత ఒరతో సర్దుకో. దీన్ని నాకు వదిలెయ్యి” అన్నాను.

ఫుజైరా బజారులో ఒక మలయాళీ కిరాణాకొట్లో ఆముదం సీసా కొన్నాను. గిన్నెలో కాచి, లోపలా వెలుపలా పట్టించి, స్టోరు వెనక ఎండలో పెట్టాను. ఆ దేశపు ఎండకు మూడు పూటలు అక్కర్లేకపోయింది. అయినా ఆచారం ప్రకారం మూడు పూటలూ పట్టించాను. హవల్దారు దాన్ని కట్టుకుని పిస్తోలు ఒకసారి తీసి, ఒకసారి పెట్టి, కళ్ళు పెద్దవి చేశాడు.

“వెన్నపూస లెక్కయింది గదా సారూ! మీ చేతిల ఏదో మహిమున్నది.”

“మహిమ కాదయ్యా, ఆముదం.”

ఆ తరవాత ఇంకో రెండుసార్లు, వాడు అడగకుండానే, సీసాలో మిగిలినది కూడా పట్టించాను.

ఇక్కడ చదువరికి ఒక్క విషయం చెప్పాలి. ఆ పిస్తోలుకు పేలకుండా ఆపే తాళంమీట విడిగా ఉండదు. ట్రిగ్గరు నొక్కబడితే పేలుతుంది, అంతే. ఒర చేసే అసలు పని ట్రిగ్గరును గట్టిగా కప్పి, దేనినీ దాని దరికి రానివ్వకపోవడం. ఆ సంగతి వస్తువుల బాగోగులు తెలిసిన నాకు ఆనాటివరకు తెలియదు.

పంచమినాటి సాయంకాలం కొత్తగా చేరిన ఎనిమిది మందికి హవల్దారు గురి చూపిస్తున్నాడు. నేను స్టోరు కిటికీ దగ్గర చెవిమూతలు తిరిగి తీసుకోవడానికి నిలబడి ఉన్నాను. ఉదయమే వాడు, “ఇయ్యాల మా దిక్కు నాగుల పంచమి సారూ, పుట్టల పాలు పోస్తరు” అని చెప్పాడు. అయిదు తూటాలు కాల్చాడు. అయిదూ ఒక్కచోటే తగిలాయి. అందరి వైపూ తిరిగి, తలెత్తి, పిస్తోలును ఒరలోకి దించాడు.

ఆరవ చప్పుడు వినిపించింది.

హవల్దారు పంట్లాం కుడితొడ నుంచి మోకాలి దాకా చీలిపోయింది. బూటు పక్కన ఇసుక ఎగిసి పడింది. వాడు పడిపోలేదు. తన కాలిని తానే పరాయివాడి కాలిలా చూస్తున్నాడు. నా చేతిలోని చెవిమూతల బుట్ట నేలమీద పడి ఉంది. అది ఎప్పుడు జారిందో నాకు తెలియదు.

ముదీర్ పరుగెత్తుకొచ్చాడు. పిస్తోలు లాక్కుని, తూటాలు దించి, పంట్లాం చీల్చి చూశాడు. తొడ మీద ఎర్రని గీత తప్ప గాయం లేదు. ఆయన ముఖంలో ఊరట ఒక్క నిమిషం కనిపించి, కోపంగా మారింది.

“ఉంగ్లీ! తుమ్హారీ ఉంగ్లీ అందర్ థీ!” అని అరిచాడు. వేలు ట్రిగ్గరు మీద ఉంచి ఒరలో పెట్టావు అని దాని అర్థం. ఆ శాలలో అంతకుమించిన తప్పు లేదు. అలా పేల్చినవాడు ఎంతటి నిపుణుడైనా ఆ రోజే కాగితం మీద సంతకం చేసి, వీసా రద్దు చేయించుకుని, ఇంటికి పోవాలి. “మగ్రిబ్ తరవాత నా గదికి రా. ఖలాస్” అని సాయంకాలపు నమాజుకు వెళ్ళిపోయాడు.

హవల్దారు స్టోరు మెట్ల మీద కూలబడ్డాడు. బెల్టు విప్పి నాకిచ్చాడు.

“ఇరవై రెండేండ్లు ఫౌజుల చేసిన సారూ. సియాచిన్ల వేళ్ళు కొంకర్లు పోయినా ఒక్క గోలి తప్పి పేలలె. నా వేలు బయటనే ఉండె అనుకున్న.” చూపుడువేలు కళ్ళ ముందుకు తెచ్చుకుని చూశాడు. “అందరు గట్లంటున్నరు. నా వేలే పోయిందేమో. నాకే యాదికి లేదేమో.”

ఆ మాట విన్నప్పుడు కలిగిన దిగ్భ్రాంతి తుపాకి చప్పుడు కన్నా పెద్దది. నిజం చెప్పే మనిషి తన మీద తానే అబద్ధపు సాక్ష్యం చెప్పుకుంటున్నాడు.

లోపలికి వెళ్ళి బెల్టును బల్ల మీద పెట్టాను. వేళ్ళకు ఆముదం వాసన తగిలింది. ఒర నోరు రెండు పెదవులూ లోపలికి వాలిపోయి, పళ్ళూడిన ముసలివాడి నోరులా ఉంది. లోపలి పెదవి మీద ఒక మడత, ఆ మడత మీద ట్రిగ్గరు అచ్చు నొక్కుకుపోయి స్పష్టంగా కనబడుతోంది. మెత్తబడిన తోలు ముడుచుకుని ట్రిగ్గరు సందులోకి దూరింది. వాడు పిస్తోలును కిందికి అదిమాడు; తోలు ట్రిగ్గరును నొక్కింది. పేల్చింది వేలు కాదు. నా సీసా.

ఇక్కడ దాచకుండా రాయాలి. ఆ బెల్టును అలమరలో పెట్టి తాళం వేశాను. దూరంగా మసీదు నుంచి నమాజు వినిపిస్తోంది. అది ముగిసేదాకా తాళంచెవి గుప్పిట్లో పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాను. సత్యం మీద ముప్ఫై ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పిన నోరు, ‘వాడు పల్లెకు పోయినా పింఛను ఉంది, నీకు ఏముంది’ అని లోపల నాతో మాట్లాడుతోంది. అది నా గొంతేనా అని విస్తుపోయాను.

మెట్ల మీద హవల్దారు లేచి, చీలిన పంట్లాన్ని పిన్నులతో కలిపి బిగించుకుంటున్నాడు. సంతకం చేయడానికి సైతం వాడు చక్కగా తయారై వెళ్ళాలి. నేను తాళం తీశాను.

ముదీర్ గదిలోకి ఇద్దరమూ కలిసే వెళ్ళాం. కాగితం బల్ల మీద సిద్ధంగా ఉంది. నేను బెల్టును ఆ కాగితం మీదే పెట్టి, “వేలు కాదు. నూనె. పోసింది నేను” అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. మడత చూపించాను. ఆయన ఇనుపగది నుంచి ఖాళీ పిస్తోలు తెచ్చి, అందులో తూటా లేదని రెండుసార్లు చూసి, వేలు దూరంగా చాచిపట్టి, ఆ ఒరలోకి అదిమాడు. ‘టిక్’ మంది. మళ్ళీ ఎక్కుపెట్టి అదిమాడు. మళ్ళీ ‘టిక్’. ఆముదం తగలని మరొకరి తోలు ఒర తెప్పించి అదిమాడు. చప్పుడు లేదు. నేను అలమర అడుగు నుంచి ప్లాస్టిక్కు నమూనా తెచ్చిచ్చాను. అందులోనూ పిస్తోలు కూర్చున్న చప్పుడే తప్ప ట్రిగ్గరు కదలలేదు.

“లేకిన్ ఉస్తాద్, క్యోం?” అన్నాడు. ఎందుకు చేశావు అని.

“మా నాన్నగారు చెప్పులకు ఇలాగే చేసేవారు.”

“చప్పల్?” ఆయన నా ముఖంలోకి, ఒరలోకి, మళ్ళీ నా ముఖంలోకి చూశాడు. ఆ చూపు ముందు నా పట్టాలు, పద్యాలు, వాగ్ధాటి అన్నీ ఎక్కడికి పోయాయో తెలియదు.

హవల్దారు ఒర తీసుకుని దాని నోరు వేలితో సాగదీశాడు. వాడు నన్ను తిడతాడనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను.

“పంతులు సారూ, ఇరవై రెండేండ్లు దేశానికి సిపాయినయితి. చివరికి మీ నాయిన చెప్పు చేసిన్రు గదా నన్ను!” అన్నాడు. ముదీర్ ఏమిటని అడిగితే హిందీలో చెప్పాడు. ఆయన నవ్వలేదు. హవల్దారూ నవ్వలేదు. కళ్ళు తుడుచుకుని, తన చూపుడువేలిని మరోసారి చూసుకుని, ఈసారి తల ఊపాడు.

ముదీర్ ఆ కాగితాన్ని నాలుగుగా మడిచి చించాడు. ఇంకొక కాగితం తీసి, పైన నా పేరు రాశాడు.

2005 సెప్టెంబరు ఒకటిన శిక్షకులు నలుగురికీ ప్లాస్టిక్కు ఒరలు వచ్చాయి. హవల్దారు కొలువులో కొనసాగాడు. అదే నెల పదిహేనున నా వీసా రద్దయింది. షార్జా విమానాశ్రయం దాకా నా పెట్టె మోసినవాడు హవల్దారే.